403 దగ్గర ఆగిపోయిన మెయింటైనర్: ఆంక్షల మధ్య ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు కేసు

ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి ఆంక్షలేంటి, కోడ్ నెట్‌లోనే ఉంది కదా, కావాల్సినవాళ్లు దింపుకుంటారు కదా అని చాలామంది అంటుంటారు. అనుభవం ఉన్న డెవలపర్లు కూడా అంటారు. ఆ మాటలో సగమే నిజం. మిగతా సగం ఎక్కడ తిరగబడుతుందో బాగా చూపించే కేసు ఒకటి, ఇరాన్ మీద అమెరికా వేసిన ఆంక్షల్లో ఇరుక్కున్నది, నా దగ్గరకు వచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా పని సర్వర్లు చూసుకోవడం. కంపెనీల పనితో పాటు డబ్బుల్లేని వాలంటీర్ ప్రాజెక్టులకు కూడా అప్పుడప్పుడు ఇన్‌ఫ్రా పెట్టిస్తుంటాను. ఈ ప్రాజెక్టు పేరు చెప్పను, అది చేసే పనిని కూడా కాస్త మార్చాను, ఊళ్లు తీసేశాను. కేసు 2019 తర్వాతిది, అంతకు మించి తేదీలు ఇవ్వను. నేను లాయర్‌ని కాదు. చట్టం గురించి ఇక్కడ ఉన్నదంతా ఈ కేసులో లాయర్ మాకు చెప్పింది, పబ్లిక్‌గా ఉన్న నిబంధనల్లో చదివింది. మీ కేసు వేరే కావచ్చు.

నేపథ్యం

ఊళ్లలో చిన్న క్లినిక్‌లు నడిపేవాళ్ల కోసం రాసిన సాఫ్ట్‌వేర్ ఇది. అపాయింట్‌మెంట్లు, మందుల స్టాకు, పేషెంటు కార్డులు, అంతే. కరెంటు ఎప్పుడు పోతుందో, నెట్ ఎప్పుడు వస్తుందో తెలియని చోట పనిచేయాలి కాబట్టి ముందు డేటాను లోకల్‌గా రాసుకుని, నెట్ రాగానే సింక్ చేస్తుంది. గో భాషలో రాశారు, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, రిలీజులు కంటైనర్ ఇమేజ్‌గా (నడవడానికి కావాల్సినవన్నీ కలిపి కట్టిన ప్యాకేజీగా) వస్తాయి, లైసెన్సు జీపీఎల్, అంటే కోడ్‌ని ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చు.

మెయింటైనర్లు, అంటే కోడ్‌ని చూసుకుంటూ మార్పులు తీసుకునేవాళ్లు, ముగ్గురు. ఒకతను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు ఈ పని చూసేవాడు. రెండో అతను కూడా తెలుగువాడే, అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు. మూడో అతను ఇరానీ. చదువుకోడానికి ఇరాన్ నుంచి, సూడాన్ నుంచి, యెమెన్ నుంచి పిల్లలు హైదరాబాద్ రావడం మనకి కొత్తేం కాదు కదా, అలాగే మాస్టర్స్ చేయడానికి వచ్చి, ఇక్కడివాళ్లతో కలిసిపోయి, అందర్నీ 'అన్నా' అని పిలవడం అలవాటు చేసుకున్న కుర్రాడు. సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా చిక్కైన సింక్ భాగం మొత్తం అతను రాసిందే. చదువైపోయింది, వీసా అయిపోయింది, సొంత దేశం వెళ్లిపోయాడు. అక్కడ ఒక చిన్న వెబ్ కంపెనీలో ఉద్యోగం. ప్రభుత్వంతో గానీ, ఆంక్షల లిస్టులో ఉన్న ఏ సంస్థతో గానీ అతనికి సంబంధం లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సమస్య

వెళ్లాక కొంతకాలం అంతా మామూలుగానే నడిచింది. ఒకరోజు కోడ్ హోస్టింగ్ సైట్‌లో లాగిన్ అయితే, మీరున్న ప్రాంతం కారణంగా మీ ఖాతాపై పరిమితులు పెట్టాం అని నోటీసు కనిపించింది. పబ్లిక్ రిపో (అందరూ చూడగల కోడ్ నిల్వ) కనిపిస్తోంది. ప్రైవేట్ రిపో పోయింది. డిప్లాయ్‌మెంట్ కాన్ఫిగరేషన్, ఇంకా బయటపెట్టని సెక్యూరిటీ ఫిక్సుల బ్రాంచి ఉన్నది ఆ ప్రైవేట్ దాంట్లోనే. సరే, పబ్లిక్ కోడ్ మీదైనా పనిచేద్దామని బిల్డ్ మొదలుపెడితే గో మాడ్యూల్స్ దిగలేదు. కంటైనర్ బేస్ ఇమేజ్ కూడా దిగలేదు. రెండుచోట్లా 403, అంటే సర్వర్ అందింది గానీ నీకు ఇవ్వను అంటోంది.

హైదరాబాద్ అతను నాకు ఫోన్ చేసి అన్న మొదటి మాట, "అన్నా, ఒక వీపీఎన్ పెట్టిస్తే అయిపోద్దిగా?"

వీపీఎన్ సంగతి తర్వాత, ముందు అసలు ఎన్ని గోడలున్నాయో లెక్క తేల్చాలి అన్నాను. ఎందుకంటే ఇరాన్‌లో కూర్చున్నవాడికి గోడలు రెండు వైపులా ఉంటాయి. ఒకటి లోపల ప్రభుత్వం కట్టిన ఫిల్టరింగ్, రెండోది బయట కంపెనీలు ఆంక్షల కోసం కట్టినది. స్క్రీన్ మీద రెండూ 'సైటు రావట్లేదు' అనే కనిపిస్తాయి, మందు మాత్రం వేరు వేరు. ప్రాజెక్టు వాడే ప్రతి అడ్రసుకీ ఇరాన్ కుర్రాడితో కర్ల్ కమాండ్ (సర్వర్‌ని అడిగి జవాబు చూపించేది) రన్ చేయించి మొత్తం అవుట్‌పుట్ పంపమన్నాను. డీఎన్‌ఎస్ (సైటు పేరుకి ఐపీ అడ్రసు చెప్పే వ్యవస్థ) జవాబుగా 10.10.34.35 లాంటి అడ్రసు వస్తే అది లోపలి ఫిల్టరింగ్, ఆ రేంజి అక్కడ అందరికీ తెలిసిందే. టీఎల్‌ఎస్, అంటే కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే దశ, మొదలవగానే కనెక్షన్ తెగిపోతే అదీ ఎక్కువసార్లు లోపలిదే. కనెక్షన్ చక్కగా కుదిరి, సర్టిఫికెట్ సరిగ్గా ఉండి, ఆపైన 403 వస్తే అది అవతలి కంపెనీ చేసిన పని. చట్టపరమైన కారణంతో ఆపినప్పుడు వాడడానికి 451 అనే కోడ్ 2016 నుంచే ఉంది, కానీ వాడేవాళ్లు తక్కువ, అందరూ 403 ఇచ్చి ఊరుకుంటారు. అందుకే ఇరాన్ డెవలపర్ల మధ్య '403' అంటే ఎర్రర్ కోడ్ కాదు, ఆంక్షలకి ఇంకో పేరు.

లిస్టు వచ్చాక బొమ్మ తేలింది. మాకు కావాల్సిన వాటిల్లో లోపలి గోడ అడ్డున్నవి తక్కువ. ఎక్కువ 403లే. డెబియన్ లినక్స్ మిర్రర్లు (నకళ్లు ఉంచే సర్వర్లు) మాత్రం హాయిగా పనిచేస్తున్నాయి, అది మాకు చాలా పెద్ద ఊరట, ఎందుకో తర్వాత చెప్తాను.

చట్టం ఎక్కడ కొరుకుతుంది

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడ్డాయి. అమెరికా ఆంక్షలు ఓపెన్ సోర్స్‌ని తాకినప్పుడు మూడు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి. కోడ్ నిషిద్ధమా? దాని చుట్టూ ఉన్న సర్వీసు నిషిద్ధమా? మనిషి నిషిద్ధమా?

కోడ్ సంగతి: అమెరికా ఎగుమతి నిబంధనల ప్రకారం, ఎవరైనా తీసుకునేలా, ఇతరులకు పంచకూడదన్న షరతు లేకుండా ప్రచురించిన సాఫ్ట్‌వేర్ ఆ నిబంధనల పరిధిలోకే రాదు. ఎన్‌క్రిప్షన్ కోడ్‌కి కొన్ని మెలికలున్నాయి గానీ 2021లో వాటినీ సడలించారు. లైసెన్సు వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టం. ఓపెన్ సోర్స్ నిర్వచనంలో అయిదో నియమం ఏ మనిషి మీదా, ఏ గుంపు మీదా వివక్ష చూపకూడదంటుంది, ఎగుమతి చట్టాలున్నాయని లైసెన్సు గుర్తు చేయొచ్చు గానీ ఆ ఆంక్షల్ని లైసెన్సులోనే కలపకూడదని దాని వివరణలో రాసి ఉంది. అంటే జీపీఎల్ ఇచ్చిన హక్కు ఇరాన్‌లో ఉన్నవాడికీ పూర్తిగా ఉంది.

సర్వీసు సంగతి వేరు. రిపో హోస్ట్ చేయడం, ఇమేజ్ పంపడం, బిల్డ్ మెషీన్ నడపడం, ఇవన్నీ ఒక కంపెనీ ఒక మనిషికి అందించే సేవలు. ఇరాన్‌కి సేవల ఎగుమతి అమెరికా వ్యక్తులకు నిషేధం. ఇక్కడ 'అమెరికా వ్యక్తి' అంటే సిటిజన్లు, గ్రీన్‌కార్డు వాళ్లు, అమెరికా కంపెనీలు మాత్రమే కాదు, అమెరికా గడ్డ మీద ఉన్న ఎవరైనా. హెచ్1బీ మీద డాలస్‌లో కూర్చున్న మనవాడూ అందులోకే వస్తాడు. చాలామంది తెలుగువాళ్లకి ఈ సంగతి తెలియదు.

అలాగని అన్ని సేవలూ నిషేధం కాదు. 2014లో వచ్చిన జనరల్ లైసెన్స్ డీ-1, దాని స్థానంలో 2022 సెప్టెంబరులో వచ్చిన డీ-2, ఇరాన్‌లో మామూలు జనం మాట్లాడుకోడానికి వాడే సాఫ్ట్‌వేర్‌కీ, దానికి అవసరమైన సేవలకీ చాలా వరకు దారి ఇచ్చాయి. అయినా కంపెనీలు ఆపుతూనే ఉన్నాయి. ఎందుకో అర్థం చేసుకోవడం కష్టం కాదు. తప్పు జరిగితే జరిమానా భారీ, ఇరాన్ నుంచి వచ్చే ఆదాయం సున్నా. లాయర్‌ని కూర్చోబెట్టి ఏది ఎంతవరకు కుదురుతుందో తేల్చుకోడం కన్నా ఐపీ రేంజి మొత్తం ఆపేయడం చవక. 2010 జనవరిలో సోర్స్‌ఫోర్జ్ అనే కోడ్ హోస్టింగ్ సైటు చేసింది అదే, ఇరాన్, క్యూబా, ఉత్తర కొరియా, సూడాన్, సిరియాల ఐపీలన్నీ ఒక్కసారిగా ఆపి, గొడవయ్యాక ఫిబ్రవరిలో ఆ నిర్ణయాన్ని ప్రాజెక్టు అడ్మిన్ల చేతిలో పెట్టింది. 2019 జూలైలో గిట్‌హబ్ ఇరాన్, సిరియా, క్రిమియా లాంటి చోట్ల ప్రైవేట్ రిపోలు, పెయిడ్ సర్వీసులు ఆపి పబ్లిక్ రిపోలు మాత్రం ఉంచింది. తర్వాత అమెరికా ట్రెజరీలో ఆంక్షలు చూసే ఓఫాక్ విభాగం నుంచి ప్రత్యేక లైసెన్సు తెచ్చుకుని 2021 జనవరి 5న ఇరాన్‌కి మళ్లీ పూర్తిగా తెరిచింది. ఈ మధ్యలో ఇరాన్ మీద ఆంక్షలేమీ ఎత్తేయలేదు. ఒక కంపెనీ పట్టుబట్టి తిరిగి లైసెన్సు తెచ్చుకుంది, అంతే తేడా. మిగతా కంపెనీలకు అంత ఓపిక ఉండాలని ఏముంది?

మనిషి ప్రశ్న మూడోది. ఆంక్షల లిస్టులో పేరున్న వ్యక్తులు, సంస్థలు. 2024 అక్టోబరులో లినక్స్ కెర్నల్ మెయింటైనర్స్ ఫైల్ (ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటారో రాసిన జాబితా) నుంచి డజను మంది వరకూ రష్యా సంబంధం ఉన్న డెవలపర్ల పేర్లు తీసేశారు. ప్యాచ్‌లో (ఆ మార్పు పంపిన ఫైలులో) కంప్లయన్స్, అంటే చట్టానికి లోబడాల్సిన, అవసరాలు అన్న మాట తప్ప వివరణ లేదు, లిస్టులో ఉన్న కంపెనీల్లో పనిచేయడమే కారణమని తర్వాత బయటికొచ్చింది. ఎత్తేసింది పేర్లనే, కోడ్ అలాగే ఉంది. మా కుర్రాడి విషయంలో ఈ మూడో ప్రశ్నకి జవాబు శుభ్రంగా 'కాదు'. మొదటిదానికీ 'కాదు'. ఇబ్బందంతా రెండోదాంట్లోనే.

ఏం ప్రయత్నించాం, ఏవి కుదరలేదు

అప్పీలు. ఖాతా తిరిగివ్వమని ఫారం నింపొచ్చు. కానీ అది ప్రయాణంలో ఉన్నందుకో, ఐపీ తప్పుగా గుర్తించినందుకో ఇరుక్కున్నవాళ్ల కోసం. నేను అక్కడ ఉండట్లేదు అని నిరూపించాలి. ఇతను నిజంగానే అక్కడ ఉంటున్నాడు. అబద్ధం రాసే ఉద్దేశం ఎవరికీ లేదు కాబట్టి ఈ దారి ఒక్క సాయంత్రంలో మూసుకుపోయింది.

వీపీఎన్. హైదరాబాద్ అతనికి దీని మీద బాగా ఆశ. నేను వద్దన్నదానికి కారణాలు ఇవి. పబ్లిక్ పేజీ చదువుకోడానికి అక్కడివాళ్లు ఏం వాడతారన్నది వాళ్ల ఇష్టం, ఆంక్షల బ్లాకుల్ని దాటించే షెకన్ లాంటి డీఎన్‌ఎస్ సర్వీసులు అక్కడ సగటు డెవలపర్ మెషీన్‌లో ఉండేవే. కానీ మెయింటైనర్ ఖాతాతో వేరే దేశంలో ఉన్నట్టు లాగిన్ అవడం వేరే సంగతి. ఆ ఖాతాకి రిలీజ్ చేసే హక్కుంది, ప్రాజెక్టు ఆర్గనైజేషన్‌లో అడ్మిన్ హక్కుంది. నిబంధనల ఉల్లంఘన కింద ఆ ఖాతా పోతే దానితో పాటు ఆర్గనైజేషన్‌కే ముప్పు రావచ్చు. పైగా అమెరికాలో ఉన్నతను ఆ మోసాన్ని తెలిసి సహించినట్టవుతుంది. ఒకరి లాగిన్ సౌకర్యం కోసం ముగ్గురి పనినీ పణంగా పెట్టడం నాకు నచ్చలేదు.

హైదరాబాద్ అతని పేరు మీద కమిట్లు (కోడ్ చరిత్రలోకి ఎక్కించే మార్పులు). కుర్రాడు మార్పులు ఈమెయిల్‌లో జిప్ ఫైళ్లుగా పంపితే ఇతను తన ఖాతా నుంచి కమిట్ చేసేవాడు. ఇది కొన్నాళ్లు నడిచింది, నడిచినన్నాళ్లూ చికాకే. ఎవరు రాశారో చరిత్రలో లేదు. రివ్యూ అడిగితే జవాబు చెప్పాల్సింది రాసినవాడు, ప్రశ్న వెళ్లేది పోస్ట్ చేసినవాడికి. కాపీరైట్ కూడా కలగాపులగం అవుతోంది. అన్నిటికన్నా కుర్రాడి మనసు విరిగింది, మూడేళ్ల పని వేరే పేరు కింద పోతుంటే ఎవరికైనా అంతే.

అప్పుడే అమెరికా అతనికి టెన్షన్ మొదలైంది. నేను ఇతని ప్యాచ్‌ని రివ్యూ చేస్తే అది ఇరాన్‌కి సేవ చేసినట్టా? గ్రీన్‌కార్డు మీద ఉన్నవాడికి ఇది ఊరికే వచ్చే భయం కాదు. ఎగుమతి నిబంధనలు తెలిసిన లాయర్‌ని ఒక గంట మాట్లాడించాం. ఆయన చెప్పిన దాంట్లో మాకు కీలకమైంది ఒక్కటే. అందరూ చూసేలా బయట ఉన్న కోడ్ మీద అందరూ చూసేలా మాట్లాడుకున్నంతవరకు మీరు మంచి చోటే ఉన్నారు. ఆ ప్రైవేట్ రిపో మాత్రం 'ప్రచురించింది' కాదు, దాన్ని ఇరాన్‌లో ఉన్నవాడితో పంచుకోవడం వేరే లెక్క.

ఈ మాటతో నా ఆలోచన మొత్తం తిరిగిపోయింది. అప్పటిదాకా అందరం ప్రైవేట్ రిపోకి అతని యాక్సెస్ ఎలా తిరిగి తేవాలా అని తలబాదుకుంటున్నాం. తేవాల్సిన అవసరమే లేదు, ప్రైవేట్ అన్నదాన్నే వీలైనంత తగ్గించాలి.

సొంత సర్వర్, మొదటిసారి. హైదరాబాద్ అతను ఒక పెద్ద క్లౌడ్ కంపెనీ ముంబై రీజియన్‌లో మెషీన్ తీసుకుని అక్కడ గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) సర్వర్ పెట్టాడు. సర్వర్ ఇండియాలో ఉంది కదా అని. ఇరాన్ నుంచి మళ్లీ అదే 403, మెషీన్‌కి ముందుండి ట్రాఫిక్ అందుకునే ఆ కంపెనీ లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే. డబ్బా ఎక్కడుందన్నది లెక్కలోకి రాదు, డబ్బా ఎవరిదన్నది వస్తుంది. ఇది కొత్త సంగతేం కాదు, 2018 ఆగస్టులో గిట్‌ల్యాబ్ డాట్ కామ్ గూగుల్ క్లౌడ్‌కి మారినప్పుడు ఇరాన్, సిరియా, క్యూబా లాంటి చోట్ల వాళ్లకి సైటే పోయింది, గిట్‌ల్యాబ్ తన విధానం మార్చుకోకపోయినా.

ఇరాన్ లోపలి మిర్రర్లు. అక్కడి క్లౌడ్ కంపెనీలు కంటైనర్ ఇమేజ్‌లకి మిర్రర్లు నడుపుతాయి, వేగంగా ఉంటాయి, కుర్రాడు ఎప్పట్నుంచో వాడుతున్నాడు. దాన్నే ప్రాజెక్టు డాక్యుమెంటేషన్‌లో పెడదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. అర్వాన్ క్లౌడ్ అనే ఇరాన్ కంపెనీని 2023 జూన్‌లో అమెరికా ట్రెజరీ ఆంక్షల లిస్టులో చేర్చింది, దేశంలో ఇంటర్నెట్ అణచివేతకి సాయపడుతోందన్న కారణంతో. ఇలాంటి కంపెనీ ఏదో ఒకటి మన అధికారిక బిల్డ్ దారిలో ఉంటే, ఇప్పటిదాకా 'కాదు' అని తేలిన మూడో ప్రశ్న మళ్లీ తలుపు తడుతుంది. అతను సొంతంగా ఏం వాడుకుంటాడన్నది అతని ఇష్టం, ప్రాజెక్టు మాత్రం దాన్ని సిఫార్సు చేయదు అని తేల్చాం. కుర్రాడికి ఇది నచ్చలేదు. మామీద ఆంక్షలేసేదీ వాళ్లే, దానికి మేం వెతుక్కున్న మందు మీద ఆంక్షలేసేదీ వాళ్లే అన్నాడు. జవాబు నా దగ్గర లేదు.

ఏది నిలబడింది

ఒక్క దెబ్బకి ఏదీ తీరలేదు. గొలుసులో ఒక్కో లంకెనీ విడిగా మార్చుకుంటూ పోయాం.

ముందు అసలు రిపో. ఇండియా వాళ్లే నడిపే డేటా సెంటర్‌లో చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని దానిమీద ఫోర్జెజో అనే కోడ్ హోస్టింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టాను. బెర్లిన్‌లోని కోడ్‌బెర్గ్ సంఘం నడిపే సైటు వాడుకుందామా అని ఆలోచించాం, మంచి ఎంపికే, కానీ రిలీజ్ ఇమేజ్‌లూ బిల్డులూ కూడా ఒకేచోట ఉండాలన్నది మా అవసరం. సర్వర్‌కి ముందు సీడీఎన్ (పేజీల్ని మధ్యలో ఉండి అందించే సర్వీసు) ఏదీ పెట్టలేదు, పెడితే మళ్లీ ఇంకో అమెరికా కంపెనీ మధ్యలోకి వస్తుంది. డొమైన్ డాట్ ఆర్గ్‌లో ఉండేది, దాని రిజిస్ట్రీ వర్జీనియాలో ఉంది. అది ఎవరూ లాక్కోలేదు గానీ ఎందుకైనా మంచిదని డాట్ ఇన్ ఒకటి తీసుకుని రెండూ నడుపుతున్నాం. పాత హోస్టింగ్ సైట్‌లో రిపోని తీసేయలేదు, మన సర్వర్ నుంచి అక్కడికి ఆటోమేటిక్‌గా పుష్ అవుతుంది. కొత్తవాళ్లు వెతికేది అక్కడే కదా, వదులుకోవడం తెలివితక్కువ. తేడా ఏంటంటే అసలు ఇక్కడిది, నకలు అక్కడిది. ఇది ముందు తారుమారుగా ఉండేది.

ఇండియా ఐక్యరాజ్యసమితి ఆంక్షల్ని పాటిస్తుంది, ఒక దేశం తనంతట తాను వేసేవాటిని గుర్తించదు. కాబట్టి పబ్లిక్ కోడ్‌ని హైదరాబాద్ నుంచి నడిపే మెయింటైనర్‌కి ఇబ్బంది లేదు. సర్వర్ ఖాతా అతని పేరు మీదే ఉంది, అమెరికా అతనికి సర్వర్ మీద అడ్మిన్ హక్కులు ఇవ్వలేదు. అతనే వద్దన్నాడు, ఇరాన్‌లో ఉన్నవాడికి లాగిన్ ఇచ్చింది ఎవరు అని రేపు అడిగితే తన పేరు ఉండకూడదని.

తర్వాత కమిట్లు. జిప్ ఫైళ్ల గోల మానేసి, గిట్‌లో మొదట్నుంచీ ఉన్న ఫార్మాట్-ప్యాచ్ పద్ధతి పెట్టాం. అతను ప్యాచ్ తయారుచేసి పబ్లిక్ మెయిలింగ్ లిస్టుకి పంపుతాడు, ఇక్కడ గిట్ ఏఎమ్‌తో ఎక్కిస్తారు, రాసినవాడి పేరు కమిట్‌లో అలాగే ఉంటుంది. సర్వర్ అందుతున్నప్పుడు నేరుగా పుష్ చేస్తాడు, అందనప్పుడు ఈమెయిల్. రెండు దారులూ ఎందుకంటే అక్కడ నెట్ మొత్తం పోయే రోజులుంటాయి. 2019 నవంబరులో దాదాపు వారం దేశమంతా బయటి ఇంటర్నెట్ ఆగిపోయింది, 2025 జూన్ యుద్ధంలో మళ్లీ. అలాంటప్పుడు హైదరాబాద్ సర్వర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గిట్ గొప్పతనం అక్కడ తెలుస్తుంది, చరిత్ర మొత్తం అతని మెషీన్‌లోనే ఉంది కాబట్టి పని ఆగదు, కాసేపు నెట్ రాగానే గిట్ బండిల్ చేసి కొన్ని కిలోబైట్ల ఫైలు మెయిల్ చేస్తే సరిపోతుంది. బండిల్ మీద అతని జీపీజీ సంతకం ఉండాలని నియమం పెట్టాం, ఎవరి చేతి మీదుగా వచ్చినా ఫర్వాలేకుండా.

డిపెండెన్సీల (మన కోడ్ ఆధారపడే ఇతరుల కోడ్) దగ్గర ఎక్కువ సమయం పోయింది. గో మాడ్ వెండర్ కమాండ్ కొట్టి డిపెండెన్సీలన్నీ రిపోలోనే పెట్టేశాం. రిపో లావెక్కింది, రివ్యూలో డిఫ్‌లు చూడబుద్ధి కాదు, అమెరికా అతనికి ఇప్పటికీ ఇది ఇష్టం లేదు. కానీ ఒకసారి క్లోన్ అయితే చాలు, బయట ఎవర్నీ అడగకుండా బిల్డ్ అవుతుంది. అయ్యిందనుకున్నాక ఇంకో చోట తగిలింది: గో 1.21 నుంచి, మాడ్ ఫైల్‌లో రాసిన వెర్షన్ మెషీన్‌లో ఉన్నదానికంటే కొత్తదైతే టూల్‌చెయిన్‌ని (కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే పరికరాల్ని) తానే వెళ్లి దింపుకోవాలని చూస్తుంది, ఆ దిగేది మళ్లీ మాడ్యూల్స్ దగ్గర 403 ఇచ్చిన ప్రాక్సీ సర్వర్ నుంచే. టూల్‌చెయిన్ సెట్టింగ్‌ని లోకల్‌కి మార్చి, డెబియన్ స్టేబుల్‌లో దొరికే గో వెర్షన్‌కి మించి అడగకూడదని ప్రాజెక్టు నియమం రాసుకున్నాం. కొత్త ఫీచర్లు ఆలస్యంగా వస్తాయి. రానీ. కొంతమంది చెక్‌సమ్ డేటాబేస్‌ని (దిగిన కోడ్‌ని ఎవరూ మార్చలేదని సరిచూసేది) ఆఫ్ చేసేయమని సలహా ఇస్తారు, అదీ 403 ఇస్తుంది కాబట్టి. అది చేయలేదు. డిపెండెన్సీ మార్చే పని హైదరాబాద్ మెషీన్‌లోనే జరుగుతుంది, అక్కడ సరిచూసిన చెక్‌సమ్‌లు రిపోలోకి వస్తాయి, ఇరాన్ వైపు వాటిని తిరగరాయాల్సిన పనే లేదు. ఆంక్షల నుంచి తప్పించుకోడానికి సెక్యూరిటీని తగ్గించుకుంటే నష్టపోయేది క్లినిక్‌లో కూర్చున్న పేషెంటు.

కంటైనర్ బేస్ ఇమేజ్‌కి పరిష్కారం తేలిక. డెబియన్ మిర్రర్ పనిచేస్తోందని చెప్పాను కదా, డీబూట్‌స్ట్రాప్ అనే టూల్‌తో బేస్ ఇమేజ్‌ని మేమే సున్నా నుంచి కట్టుకున్నాం. పబ్లిక్ రిజిస్ట్రీ మీద ఆధారపడటం పోయింది. రిలీజ్ ఇమేజ్‌ని మన సర్వర్‌లోని రిజిస్ట్రీలో పెట్టి, దానితో పాటు టార్ ఫైలుగా కూడా ఇస్తున్నాం. టార్ ఫైలు ఇరాన్ కోసం మొదలుపెట్టాం గానీ ఎక్కువ వాడుతున్నది ఇక్కడివాళ్లే, నెట్ సరిగ్గా లేని మండలాల్లో పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఎక్కిస్తున్నారు.

డబ్బు విషయం మాత్రం తేలలేదు. ప్రాజెక్టుకి వచ్చిన చిన్న గ్రాంటులో అతని వాటా పంపడానికి బ్యాంకు ఒప్పుకోలేదు. ఎవరో క్రిప్టో అన్నారు, నేను ఆ సంభాషణలోనే ఉండనన్నాను. ఆ వాటా ఇప్పటికీ హైదరాబాద్ ఖాతాలో అలాగే పడి ఉంది.

ఈ కేసులో నాకు అర్థమైనవి

నాతో పాటు ఇన్‌ఫ్రా పని చేసేవాళ్లకి చెప్పాలనుకున్నవి కొన్ని. 'బ్లాక్ అయ్యింది' అన్న మాట వినగానే మందు వెతకొద్దు, ఎవరు, ఏ పొరలో ఆపారో ముందు రుజువు తెచ్చుకోండి. ఆ కర్ల్ అవుట్‌పుట్లు లేకపోతే మేం లోపలి ఫిల్టరింగ్‌కీ బయటి ఆంక్షకీ ఒకే వీపీఎన్ మందు రాసి ఉండేవాళ్లం. మీ ప్రాజెక్టులో ఓపెన్ కానివి ఏమున్నాయో లిస్టు రాయండి: రిలీజ్ టోకెన్లు, సైనింగ్ కీలు, ప్రైవేట్ బ్రాంచీలు, బిల్డ్ మినిట్స్, చాట్ గ్రూపు. లైసెన్సు మీకిచ్చిన స్వేచ్ఛ వీటిలో దేనికీ వర్తించదు. 2018 డిసెంబరులో స్లాక్ అనే చాట్ సర్వీసు ఇరాన్ సంబంధం ఉందనుకున్న ఖాతాల్ని మూసేసినప్పుడు వేరే దేశాల్లో స్థిరపడ్డ ఇరానీలవి కూడా పోయాయి, తర్వాత క్షమాపణ చెప్పింది. చాట్‌లో ఉన్న చర్చ అంతా మీదనుకుంటాం, కాదు.

ఇది ఇరాన్ వాళ్ల తలనొప్పి, మనకెందుకు అనేవాళ్లకి రెండు సంగతులు. 1998లో పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఎంటిటీ లిస్టులో (ఎగుమతుల మీద పరిమితులున్న సంస్థల జాబితాలో) చేరిన భారత సంస్థల్లో హైదరాబాద్‌లో క్షిపణుల పని చేసే డీఆర్‌డీఎల్, బీడీఎల్ ఉన్నాయి. వాటి పేర్లు అందులోంచి పోయింది 2011 జనవరిలో. రెండోది మొన్న మొన్నటిది. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ గుజరాత్‌లో రిఫైనరీ ఉన్న నయారా ఎనర్జీ మీద ఆంక్షలు వేసింది. కొద్దిరోజుల్లోనే ఆ కంపెనీ వాళ్ల మైక్రోసాఫ్ట్ మెయిల్, టీమ్స్ ఆగిపోయాయి. డబ్బులు కట్టి తీసుకున్న సర్వీసు, ఇండియాలో కంపెనీ, ఇండియాలో ఉద్యోగులు. ఢిల్లీ హైకోర్టుకి వెళ్లాక నెలాఖరుకి సర్వీసు తిరిగొచ్చింది. అది ఓపెన్ సోర్స్ కాదు, అయినా మన ముంబై మెషీన్ దగ్గర తగిలింది ఇదే గోడ.

ఇప్పటికీ తెగనిది

బయటపెట్టని సెక్యూరిటీ బగ్గులు. వాటిని ఫిక్స్ సిద్ధమయ్యేదాకా కొద్దిమందే చూడాలి, అంటే ఆ కాసేపు అవి ప్రచురించినవి కావు. ముగ్గురూ ఉన్న ప్రైవేట్ లిస్టులో చర్చ పెడితే అమెరికా అతను ఇరుక్కుంటాడు. ఇరాన్ అతన్ని తీసేస్తే సింక్ కోడ్ రాసినవాడే సింక్ బగ్ చర్చలో ఉండడు. అమెరికా అతన్ని తీసేస్తే ఎన్‌క్రిప్షన్ భాగం తెలిసినవాడు పోతాడు. అన్నీ మొదట్నుంచీ బహిరంగంగానే చర్చిద్దామా అంటే, క్లినిక్‌లు అప్‌డేట్ చేసుకునేలోపు రంధ్రం ఎక్కడుందో ఊరంతా చెప్పినట్టు.

ప్రస్తుతానికి పెట్టుకున్న ఏర్పాటు ఇది. రిపోర్టు ముందు హైదరాబాద్ అతనికే వస్తుంది. అది సింక్ భాగంలోదైతే, రిపోర్టు చేసినవాళ్లు అమెరికాలో ఉన్నవాళ్లు కాకపోతే, ఇరాన్ అతనితో మాత్రమే మాట్లాడతాడు, అమెరికా అతనికి చెప్పడు. మిగతా భాగాల్లోదైతే అమెరికా అతనితో మాట్లాడతాడు, ఇరాన్ అతనికి చెప్పడు. ఫిక్స్ పబ్లిక్ అయ్యాకే మూడో మనిషికి తెలుస్తుంది. లాయర్ దీన్ని మెచ్చుకోలేదు, తప్పనీ అనలేదు. కిందటిసారి వచ్చిన బగ్ సింక్‌లోదే, పంపినవాడు కాలిఫోర్నియాలో కూర్చున్న రీసెర్చర్. కాబట్టి హైదరాబాద్ అతను ఆ కోడ్ ఒక్కడే చదువుకుని ఒక్కడే ఫిక్స్ రాశాడు. పబ్లిక్ అయిన గంటలో ఇరాన్ నుంచి ప్యాచ్ వచ్చింది: ఫిక్స్‌లో లాక్ (ఒకేసారి ఇద్దరు డేటా మార్చకుండా ఆపేది) ఒకటి వదిలేయకుండా ఉండిపోయింది, దాన్ని సరిచేస్తూ.